ముల్లు మధ్యకి వచ్చాక

జనవరి 9

అక్కా,

నిన్న ఫోన్ పెట్టేశావు. పెట్టేయడం కూడా కాదు, విసిరికొట్టావు. "పిండిమరలో ఉన్నట్టు అరవకురా, ఈ చెవులే నాకు అన్నం పెడుతున్నాయి" అన్నావు. నేనేం అరవలేదు. పొద్దస్తమానం మర పక్కన నిలబడేవాడి మామూలు గొంతే అది. కాగితం మీదైతే ఎంత అరిచినా నీ చెవులకేం కాదు గదా, అందుకని రాస్తున్నాను.

విషయమేంటంటే, గోధుమలు తెచ్చిన ఒక ముసలావిడ సంచి మీద పేపరు కప్పి తెచ్చింది. ఆ పేపరు తీస్తూ చూస్తే అందులో నా కూతురి ఫొటో, మన పిచ్చుకది. ఫిడేలు గడ్డం కింద పెట్టుకుని ఎటో చూస్తోంది. మీ రేడియో స్టేషన్ ఆదివారం సాయంత్రం కచేరీల పట్టిక అది. మార్చి పదహారు దాని వంతు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు నువ్వు. నీ ఇంట్లోనే ఉంటోంది, నీ స్టేషన్లోనే వాయించబోతోంది, సంగతి నాకు గోధుమల సంచి చెప్పాల్సి వచ్చింది!

సరే, తగువుకి రాయలేదు. ఆ కార్యక్రమంలో ముందు కాసేపు వాయించేవాళ్లని మాట్లాడిస్తారని ఎప్పుడో చెప్పావు. ఇల్లెక్కడ, అమ్మానాన్నలు ఎవరు, ఎలా నేర్చుకున్నావు, ఇవన్నీ. అది వినాలక్కా నేను. నాతో అది మాట్లాడక నాలుగేళ్లవుతోంది. పొగడక్కర్లేదు. "మా నాన్న" అని ఒక్క మాట అంటుందేమో. అంటే చాలు నాకు.

ఆ కార్యక్రమం ఒక్కటీ ఫోన్లలో రాదట, ఏవో హక్కుల గొడవలని పేపర్లోనే రాశారు. నా జేబు రేడియోలో మీ స్టేషన్ పెడితే కందిరీగల తుట్టె కదిలించినట్టుంది. పాత సామాన్ల షాపులో కళ్లజోడాయన ఉన్నాడు, ఆయన్ని అడిగితే "మంచి సౌండ్ కావాలంటే పాతకాలపు ఎఫ్ఎమ్ ట్యూనర్ కొను, ఇప్పుడు అలాంటివి చేయడం మానేశారు" అన్నాడు. రెండున్నాయి ఆయన దగ్గర. ఒకటి వెండి మొహం, చెక్క పెట్టె, లోపల ముల్లు కదులుతుంది. రెండోది నల్లది, ఎర్రంకెలు వెలుగుతాయి. అంకెలది చూడ్డానికి బాగుంది. ఏది కొనమంటావు? నీకు తెలిసినంత నాకు తెలియదని ఒప్పుకుంటున్నాను, ఇక సంతోషమేనా?

నీ తమ్ముడు


జనవరి 17

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు ఒప్పుకున్నావన్న కాగితాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలిద్దామనుకుంటున్నాను. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి.

ముందు ఒక సంగతి బుర్రకెక్కించుకో. ట్యూనర్ అంటే రేడియో మొత్తం కాదు. గాలిలోంచి స్టేషన్ని పట్టుకోవడం వరకే దాని పని. దాని వెనక యాంప్లిఫయరు, స్పీకర్లు ఉండాలి. మీ పెళ్లికి నేనిచ్చినవి అటక మీద ఉండాలి, పిండి డబ్బాల కింద వెతుకు.

నీకు రెండు కష్టాలు. మా స్టేషన్ నీకు దూరం. పైగా మా పక్క నంబరు మీదే మీ ఊరి స్టేషన్ కూచుని రోజంతా గోల చేస్తుంది. చవక డబ్బా అయితే దాని గోల మా మీద పడుతుంది. అంకెలది వద్దు. అంకెల్లోనూ మంచివి ఉన్నాయి గానీ, నువ్వు చెప్పిన వాలకం చూస్తే అది ఆ జాతి కాదు. వెండి మొహందే చూడు. పైమూత తీయించు. ట్యూనింగ్ బిరడా తిప్పుతుంటే లోపల వరసలు వరసలుగా రేకులు తిరుగుతాయి. మూడు వరసలుంటే మామూలుది, అయిదుంటే గట్టిది. పక్క స్టేషన్ని గడప తొక్కనివ్వదు. ముందువైపు రెండు మీటర్లు ఉండాలి. ఒకటి సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్తుంది. రెండోది నువ్వు స్టేషన్ మీద సరిగ్గా కూచున్నావా లేదా అని చెప్తుంది, దాని ముల్లు నట్టనడుమ నిలబడాలి. బలం ఎంతున్నా ముల్లు పక్కకి ఒరిగిందంటే గొంతు చిరిగిపోతుంది.

యాంటెన్నా మర కప్పు మీద పెట్టించు. ఇంట్లో తీగ వేలాడదీసి ట్యూనర్ని తిట్టేవాళ్లని చాలామందిని చూశాను, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. మర మోటారు ఆడుతుంటే మాత్రం ఎంత మంచి ట్యూనరైనా చిటపటలే వినిపిస్తుంది, అది ఆపాలి.

కొనేముందు పాటలు పెట్టి చూడకు. పాటలో ఏ లోపమైనా దాక్కుంటుంది. వార్తలు పెట్టు. మనిషి గొంతు దగ్గర ఏ పెట్టె అబద్ధమూ చెల్లదు.

ఇక రెండో సంగతి. పిచ్చుక నీతో ఎందుకు మాట్లాడదో నీకు తెలీనట్టు రాశావు. వాళ్లమ్మ పోతే సంగీత కాలేజీ ప్రవేశ పరీక్ష ఉందని దానికి చెప్పలేదు నువ్వు. చెప్పమని నీ గడ్డం పట్టుకు బతిమాలాను. "నేను తండ్రిని, నాకు తెలుసు" అన్నావు. అది ఫోన్ చేసి "అమ్మ ఎలా ఉంది నాన్నా" అంటే "పడుకుంది" అన్నావట. అన్నీ అయిపోయాక వచ్చింది బిడ్డ. ఆ "పడుకుంది" అన్న మాట అది ఇంకా మర్చిపోలేదు.

అయినా నువ్వు వినాలనుకోవడం నాకు నచ్చింది. దానికి చెప్పను, చెడుతుంది. విని బాగా వాయించిందని ఒక ఉత్తరం రాయి దానికి. అక్కడ్నించి నేను చూసుకుంటాను.

ఈ ఒక్కసారికి ప్రేమతో,
నీ అక్క


ఫిబ్రవరి 2

అక్కా,

చూశాను. కళ్లజోడాయన నన్ను చూసి లేచి పారిపోబోయాడు, ఇది అయిదోసారి వెళ్లడం.

అంకెలదానిలో వార్తలు పెట్టించాను. చదివేవాడు "స" అన్నప్పుడల్లా జల్లెడ ఆడించినట్టుంది. నీ మాట నిజమే. తర్వాత వెండి మొహందాని మూత తీయించాను. లోపల దుమ్ము మా మరలో కంటే ఎక్కువ. రేకులు అయిదు వరసలే! నేను "అయిదు!" అని అరిస్తే షాపులో ఇంకొకాయన చేతిలో గడియారం జారవిడిచాడు. మీటర్లు రెండూ ఉన్నాయి. మొదట ముల్లు పక్కకి జారుతూ పోయింది. "వేడెక్కనివ్వండి, ముసలిది గదా" అన్నాడు కళ్లజోడాయన. టీ తాగి వచ్చేసరికి కదలకుండా కూచుంది. వార్తలు చదివే మనిషి కాగితం తిప్పడం వినిపించిందక్కా. రేడియోలో కాగితం తిప్పే చప్పుడు నేనెప్పుడూ వినలేదు. ఆ మనిషికి నోరు ఎండిందని కూడా తెలిసిపోతోంది.

పక్కన పెట్టించి వచ్చాను. నువ్వు ఊ అంటే తెచ్చేస్తాను.

రెండో సంగతికి జవాబు. "పడుకుంది" అనక ఏమనాలి చెప్పు. ఊరు కాని ఊళ్లో ఒంటరిగా ఉన్న పిల్ల. తెల్లారితే పరీక్ష. విల్లు పట్టే చెయ్యి వణికితే ఏళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే గదా. నీ మరదలు ఎలాగూ తిరిగిరాదు, పరీక్షా తిరిగిరాదు. రెండిట్లో ఒకటి కాపాడాను. ఆ పరీక్ష నెగ్గబట్టే పేపర్లో ఫొటో పడింది. ఇవాళ్టికీ అదే చేస్తాను. నువ్వు కోర్టులో జడ్జీలా మాట్లాడకు.

ఉత్తరం రాయమన్నావు, రాస్తాను. ముందు వినాలి గదా.

మర నుంచి,
నీ తమ్ముడు


ఫిబ్రవరి 12

తమ్ముడూ,

ఆ ట్యూనర్ కొనొద్దు. బాగా ఆలోచించే చెప్తున్నాను.

అంత పాత సరుకులో కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. షాపులో బాగా మోగినా ఇంటికి తెచ్చాక వారానికే గొణుగుడు మొదలవుతుంది. పైగా అది ఎక్కడో వేరే దేశం కోసం చేసింది అయ్యుండొచ్చు. అక్కడి లెక్క వేరు, మా స్టేషన్ లెక్క వేరు, గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వస్తుంది. మీ ఊరి చివర కొండ ఒకటుంది గదా, సిగ్నల్ దానికి కొట్టుకుని వెనక్కి వచ్చి రెండు రెండుగా వినపడుతుంది. ఇంత తంటా ఎందుకు? గోటితో పోయేదానికి గొడ్డలి. జేబు రేడియో చాలు.

పోయిన శుక్రవారం రికార్డింగ్ అయింది. స్టూడియో అద్దానికి ఇవతల రికార్డింగ్ బల్ల దగ్గర నేనే కూచున్నాను. పిచ్చుక చాలా బాగా వాయించింది. ఇంతకంటే రాయడానికేం లేదు, ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

అక్క


ఫిబ్రవరి 19

అక్కా,

నీకు ఒంట్లో బాగానే ఉందా? నెల తిరక్కుండానే మాట తిరిగింది.

నీ ఉత్తరం తీసుకెళ్లి కళ్లజోడాయన మొహాన పెట్టాను. కెపాసిటర్లన్నీ కొత్తవి వేయించాడు, తీసేసిన పాతవి పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. వేరే దేశం లెక్క అన్నావు, వెనకాల దానికి చిన్న స్విచ్ ఉందట, ఇక్కడి లెక్కకి తిప్పాడు. ఇక కొండ. యాంటెన్నాని కొంచెం పక్కకి తిప్పితే కొండ మాట వినపడదన్నాడు. నువ్వు చెప్పిన మూడూ మూడు నిమిషాల్లో తీరిపోయాయి. ఇంకేమైనా ఉంటే అవీ రాయి.

నేనడగాల్సింది నువ్వు రాయలేదు. అద్దం అవతల అది కూచుంది, ఇవతల నువ్వు కూచున్నావు. మాట్లాడిందా? ఏమంది? నా ఊసు ఎత్తిందా? ఎత్తకపోతే ఎత్తలేదని రాయి, నేనేం చచ్చిపోను. "ఇంతకంటే రాయడానికేం లేదు" అట! ఉత్తరానికి అయిదు పేజీలు రాసే మనిషివి.

తమ్ముడు


ఫిబ్రవరి 27

తమ్ముడూ,

ప్రసారం కాకముందు అందులో ఏముందో బయట చెప్పకూడదు. అది స్టేషన్ నియమం. నా సొంత తమ్ముడికైనా అంతే. ఉద్యోగం చివరికొచ్చాక మాట పడలేను.

కొని తీరాలంటే ఆ అంకెలదే కొనుక్కో. బిరడాలు తిప్పుతూ కూచోనక్కర్లేదు, నంబరు నొక్కితే వస్తుంది. నీ వయసుకి అదే సుఖం.

అసలు నన్నడిగితే ఆ ఆదివారం వినకు. సంగీతం ఎక్కడికీ పోదు. వాయించినదంతా సీడీ చేసి పంపిస్తాను. మాటలుండవు, వయొలిన్ ఒక్కటే ఉంటుంది. స్టూడియోలో ఉన్నదున్నట్టు, నీ ట్యూనర్ పట్టేదానికంటే వంద రెట్లు బాగుంటుంది. మంచి సౌండే గదా నీక్కావాల్సింది? దానికోసం మర ఆపి, కప్పు ఎక్కి, ఈ తిప్పలన్నీ దేనికిరా? నా మాట విను. ఒక్కసారి విను.

నీ మంచి కోరే
అక్క


మార్చి 6

అక్కా,

దొరికిపోయావు.

జనవరిలో అంకెలది వద్దన్నదానివి ఫిబ్రవరిలో అదే కొనుక్కో అంటున్నావు. ట్యూనర్ల సంగతిలో నీ నోట అబద్ధం వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మిగతా విషయాల్లో సరే, ఇందులో కూడానా! మాటలు తీసేసి సీడీ పంపుతావా? నాక్కావాల్సినవి ఆ మాటలే అని మొదటి ఉత్తరంలోనే రాశాను గదా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది.

ఇప్పుడు నాకర్థమైంది. అది నా గురించి మంచిగానే ఏదో అంది. అది నేను వింటే నీకు నష్టం. కడుపున పుట్టకపోయినా నీకో కూతురు దొరికింది. మళ్లీ వాళ్ల నాన్న దగ్గరికి పోతుందేమోనని నీ భయం. నీ మరదలు పోయిన ఇంట్లోంచి నా కూతుర్ని కూడా తీసుకుపోయావు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అన్నారా?

ట్యూనర్ తెచ్చేశాను. వెండిదే. యాంటెన్నా మర కప్పు మీద కట్టించాను, పైన ఒకడు తిప్పుతుంటే కింద ముల్లు చూస్తూ నేను కేకలు వేశాను, వీధంతా ఆడుకుంటున్నామనుకున్నారు. ముల్లు మధ్యలో నిలబడింది. వెడల్పు, ఇరుకు అని స్విచ్ ఒకటుంది. ఇరుకులో పెడితే మా ఊరి స్టేషన్ గోల పోయింది గానీ గొంతు ముక్కుతో మాట్లాడినట్టయింది. యాంటెన్నా ఇంకాస్త పైకి లేపించి వెడల్పులో పెట్టాను. నువ్వు నేర్పకుండా నేనే కనుక్కున్నాను ఇది. ఇప్పుడు మీ స్టేషన్ మా గదిలోనే ఉంది.

ఆ ఆదివారం మర మూసేస్తున్నాను. ఆదివారమే నాకు గిరాకీ, అయినా సరే. స్పీకర్లు బయట అరుగు మీద పెట్టిస్తాను. మర ముందు వరసలో నిలబడే వాళ్లందరికీ చెప్పాను, కళ్లజోడాయన్ని పిలిచాను, కుర్చీలు అడిగి ఉంచాను. "కూతురు ఇంటికే రాదు" అని నా వెనక గుసగుసలాడిన ప్రతి నోరూ వచ్చి కూచోవాలి, ప్రతి చెవీ వినాలి.

నువ్వు ఫోన్ చేయకు. చేసినా ఎత్తను. ఆ రోజు దాటేదాకా నీ గొంతు నాకు వద్దు.

నీ తమ్ముణ్ని అని రాయడానికి చెయ్యి రావడంలేదు.


మార్చి 12

ఒరేయ్,

పొద్దున్నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎత్తవు. సెలవడిగితే ఇవ్వలేదు, లేకపోతే బస్సెక్కి వచ్చేదాన్ని. ఇది చేరుతుందో లేదో తెలీదు. నువ్వన్న మాటలకి జవాబు తర్వాత చెప్తాను. కాకి అన్నావు, సరే.

ఎవర్నీ పిలవకు. స్పీకర్లు లోపలికి తీసుకుపో. కుర్చీలు వెనక్కి ఇచ్చేయి.

రికార్డింగ్ రోజు మాట్లాడించే ఆవిడ "మీ అమ్మానాన్నలు ఎక్కడుంటారు" అని అడిగింది. పిచ్చుక ఒక క్షణం ఆగింది. తర్వాత "అమ్మా నాన్నా ఇద్దరూ ఒకే రోజు పోయారండి" అంది. ఆవిడ "అయ్యో" అంది. "పర్లేదు, చాలా రోజులైంది" అంది మన పిల్ల. అంతే. తర్వాత వాయించడం మొదలెట్టింది.

తమ్ముడూ, ఆ మాట తీసేయడం నా చేతిలో పనే. కత్తిరించడం ఎంతసేపురా, చిటికె పని. ఎడిటింగ్ అప్పుడు పిచ్చుక నా పక్కనే కూచుంది. ఆ చోటు రాగానే ఏమీ అనకుండా నేను ఆపాను. "అత్తా, అది ఉంచు" అంది. "మీ నాన్న వింటాడే" అన్నాను. "ఆయన ఎప్పుడు విన్నారత్తా" అంది. తీసేయనా అని ఇంకోసారి అడిగాను. "అమ్మ పోయిన సంగతి ఒకసారి నా దగ్గర తీసేశారు. మళ్లీ నువ్వు తీసేస్తావా?" అంది. ఉంచేశాను.

అందుకే నీకు చెత్త పెట్టె కొనమన్నాను. గరగరలో ఆ మాట కొట్టుకుపోతుందని ఆశపడ్డాను. జీవితమంతా సౌండ్ బాగుండాలని పనిచేసినదాన్ని, నీ ఒక్కడికీ పాడవ్వాలని కోరుకున్నాను.

ఇది చేరగానే ఫోన్ చెయ్యి. ఎంత గట్టిగానైనా అరుచుకో.

అక్క


మార్చి 17

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నిన్న ఆదివారం.

కుర్చీలన్నీ నిండాయి. కొంతమంది నిలబడే ఉన్నారు. మర ఆపేసరికి వీధికి వీధే కొత్తగా ఉంది, ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకే తెలీదు. ట్యూనర్ని ముందే వేడెక్కనిచ్చాను. ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కళ్లజోడాయన చెవి ఒగ్గి విని "దీన్ని అమ్ముకుని తప్పు చేశాను" అన్నాడు. గర్వంగా ఉందక్కా ఆ కాసేపూ.

పిచ్చుక గొంతు వచ్చింది. నాలుగేళ్ల తర్వాత. కొంచెం లావైంది గొంతు, వాళ్లమ్మ గొంతులా. మాట్లాడే ముందు పెదాలు తడుపుకునే అలవాటు ఇంకా ఉంది. అది కూడా వినిపించింది. నేను నవ్వుతున్నాను. అందరూ చూసేలా నవ్వుతున్నాను. అప్పుడు ఆవిడ అడిగింది.

నువ్వు రాశావే, ఒక క్షణం ఆగిందని. ఆ క్షణంలో అది ఊపిరి తీసుకోవడం వినిపించింది. "ఇప్పుడు చెప్తుంది" అని నేనే పక్కవాళ్లకి సైగ చేశాను.

చెప్పింది.

అందరూ నేలకేసి చూస్తున్నారు. కళ్లజోడాయన మెల్లిగా లేచి ఆపబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆపితే ఏం, విన్నది వెనక్కి పోతుందా. ఫిడేలు అంతా విన్నాను. చివరిదాకా విన్నాను. ఎంత బాగా వాయించిందో నాకు తెలీదు, నా తలలో వేరే మోత ఉంది. నా ఖర్మ చూడు, అప్పుడూ దాని వాయింపు వినలేదు, ఇంత పెట్టె కొనుక్కొచ్చి ఇప్పుడూ వినలేదు.

అయ్యాక గోధుమల ముసలావిడ నా దగ్గరికి వచ్చింది. మంచి మనిషి. అందరికీ వినపడేలా "ఈ పిల్ల ఎవరో వేరే పిల్లేలే నాయనా, పేరు ఒకటే అయ్యుంటుంది, మీ అమ్మాయి వచ్చే వారమేమో" అంది. నేను ఏమన్నానో తెలుసా? "అవునండీ, వేరే పిల్లే" అన్నాను. అందరూ "అదే, అదే" అనుకుంటూ కుర్చీలు మడిచారు. కన్న కూతుర్ని నా నోటితోనే కాదన్నాను. అది నన్ను చంపింది, నేను దాన్ని కాదన్నాను, ఇద్దరికీ చెల్లు. కానీ దానికి నాలుగేళ్ల కారణం ఉంది. నాది కుర్చీల్లో కూచున్నవాళ్ల ముందు పరువు.

నీకు ఫిబ్రవరి నుంచీ తెలుసు. తెలిసీ కెపాసిటర్లు, కొండలు అన్నావు. నా మేలు కోరి దాచావా? ఎవరడిగారు నిన్ను? నాకేది తట్టుకునే శక్తి ఉందో లేదో నువ్వెవరివి తేల్చడానికి? ముందే చెప్పి ఉంటే నా ఏడుపేదో గదిలో నేను ఏడ్చుకునేవాణ్ని.

అన్నవి వెనక్కి తీసుకోను. కాకి అన్నది ఒక్కటి తీసుకుంటాను.

తమ్ముడు


మార్చి 25

తమ్ముడూ,

నీ ఉత్తరం చివరి ముక్క రెండుసార్లు చదివాను. ఎవరడిగారు నిన్ను, నువ్వెవరివి తేల్చడానికి, ముందే చెప్పి ఉంటే నా ఏడుపు నేను ఏడ్చుకునేవాణ్ని. వాళ్లమ్మ పోయాక గుమ్మంలో నిలబడి పిచ్చుక నిన్నడిగింది అక్షరం పొల్లుపోకుండా ఇదే గదరా. నేను అక్కడే ఉన్నాను. ఆ రోజు నువ్వు "పెద్దయ్యాక నీకే తెలుస్తుంది" అన్నావు. అది పెద్దదైంది. తెలిసింది మాత్రం నీకు.

నేనూ తక్కువదాన్ని కాదు. నిన్ను అంతలేసి మాటలు అని, నా వంతు వచ్చేసరికి అదే చేశాను. నీ మేలు కోరే చేశాననుకున్నాను, నువ్వూ అలాగే అనుకుని ఉంటావు. ఒక తల్లి పిల్లలం, బుద్ధులెక్కడికి పోతాయి. "కడుపున పుట్టకపోయినా" అన్నావు చూడు, అది మాత్రం నేను మర్చిపోను. చచ్చేదాకా మర్చిపోను. నువ్వు తీసుకోవాల్సింది అది, కాకి కాదు.

దానికి చెప్పేశాను. దాచడాలు ఇక చాలనిపించింది. వాయించి వచ్చి తీగల మీద పొడి తుడుస్తోంది. "మీ నాన్న విన్నాడే" అన్నాను. ట్యూనర్ సంగతి, యాంటెన్నా సంగతి, మర ఆపిన సంగతి, అరుగు మీద కుర్చీల సంగతి, అన్నీ చెప్పాను. "వేరే పిల్లే" అన్నది కూడా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తిడుతుందనుకున్నాను, అదీ లేదు. తుడిచిందే తుడుస్తూ కూచుంది. తలెత్తకుండానే అడిగింది.

"సరిగ్గా వినపడిందటా అత్తా?"

ఏది వినపడిందని అడుగుతోందో, వయొలినో, ఆ మాటో, నాకు తెలీలేదు. అడిగే ధైర్యం లేదు. కనుక్కుని చెప్తానన్నాను. ఏం చెప్పమంటావు?

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

వినపడిందని చెప్పు. ఒక్క మాట కూడా పోలేదని చెప్పు. పక్క స్టేషన్ గోల లేదు, గరగర లేదు, మాటకి ముందు తీసుకున్న ఊపిరి కూడా వినపడిందని చెప్పు.

నాన్న విన్నాడని మాత్రం మళ్లీ అనకు, దాని నాన్న పోయాడు గదా. పిండిమర ఆయనెవరో విన్నాడని చెప్పు.